తెలియక చేసిన పాపమునకు మనము బాధ్యులమా?

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 35:9–34, లేవీయకాండము 4, 5 అధ్యాయములు





ఈ సంచికలో ఒక కష్టమైన ప్రశ్నను మీ ముందుంచుచున్నాము. ఇది మన సంఘములలో ఒకదానిలో, మేము బాగా ఎరిగిన ఒక సహోదరుని నోటినుండి వచ్చిన ప్రశ్న. ఆయన అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము. ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ వ్రాయలేదు.

ఆయన తాపీ మేస్త్రి. తండ్రి కాలములోనే కర్ణాటకకు వచ్చి స్థిరపడిన కుటుంబము. సంఘములో డీకనుగా ఉండి, ప్రభురాత్రి భోజనమునాడు రొట్టె పళ్లెము వరుసవెంట అందించేవారు. పాలమూరు వైపునుండి పనికోసం వచ్చే పిల్లలను తన దగ్గర పెట్టుకొని పని నేర్పేవారు. అటువంటి పిల్లవాడొకడు, పందొమ్మిదేండ్లవాడు, ఒక ఉదయము మూడవ అంతస్తు దగ్గర పరంజా మీద నిలువబడి ఇటుకలు అందుకొనుచుండగా కట్టు జారిపోయింది. పిల్లవాడు క్రిందపడి ప్రాణము విడిచాడు. ఆ పరంజా కట్టినది మేస్త్రిగారే. పోలీసులు వచ్చి చూసి ప్రమాదమని వ్రాసుకొన్నారు. కంట్రాక్టరు కొంత డబ్బు ఇచ్చాడు. శవము ఊరికి వెళ్లిపోయింది. వారము తిరుగకముందే పని మరల మొదలయింది.

మేస్త్రిగారు మాత్రము ప్రభువు బల్లలో పాలుపొందడము మానేశారు. ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చొని, బల్ల సిద్ధపరచే వేళకు లేచి వెళ్లిపోయేవారు. మేము నలుగురము కలిసి వారి ఇంటికి వెళ్లాము. "మీ తప్పేమీ లేదండీ. కావాలని చేశారా? దేవుని చిత్తము అట్లున్నది. మనసులో పెట్టుకోకండి" అని చెప్పి, ప్రార్థన చేసి, టీ త్రాగి లేచాము. ఓదార్చామనే అనుకొన్నాము. గుమ్మము దాటుచుండగా ఆయన మా పాస్టరుగారిని ఒక్క మాట అడిగారు: "నా తప్పేమీ లేదంటే, ఆ పిల్లవాని తల్లికి నేను ఏమీ కానట్టేనా అయ్యగారూ?"

ఆ పూట మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కొరకు వాక్యములో వెదకగా మాకు దొరికినది మీతో పంచుకొనుచున్నాము.

రెండు తేలిక జవాబులు

ఇటువంటి సమయములో మన నోటికి రెండు జవాబులు త్వరగా వస్తాయి. ఉద్దేశము లేనిచోట పాపమే లేదని మొదటిది. మేము చెప్పినది అదే. జరిగినది చెడ్డది గనుక చేసినవాడు తప్పక పాపియై యుండాలి, లేకపోతే దేవుడు ఇట్లు జరగనిచ్చేవాడు కాడని రెండవది. మా సంఘములోనే కొందరు ఆ మాట గుసగుసలాడారు. మన చుట్టూ ఉన్నవారు "ఖర్మ" అంటారు. మనము అదే మాటకు "దేవుని శిక్ష" అని పేరు మార్చి అంటాము. అంతే తేడా.

ఈ రెండవ జవాబును మన ప్రభువే త్రోసివేశాడు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని మిగిలినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ఆయన చెప్పాడు (లూకా 13:4). పుట్టు గుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీనిదీ కాదు, కన్నవారిదీ కాదు అన్నాడు (యోహాను 9:3). బిడ్డకు జ్వరము వచ్చి, డాక్టరు చెప్పినదంతా చేసినా బిడ్డ దక్కని తల్లి, "నేనేమి పాపము చేశానో" అని ఏడ్చుచుంటే, అక్కడ మనము చెప్పవలసినది ఒక్కటే: అమ్మా, ఇది నీవు చేసినది కాదు. ఆమె చేతి పని అక్కడ లేదు. లేని నేరమును ఆమెమీద మోపకూడదు.

అయితే మేస్త్రిగారి సంగతి వేరు. అక్కడ ఆయన చేతి పని ఉన్నది. ముడి వేసినది ఆయన చేతులే. ద్వేషము లేదు, కపటము లేదు. అయినా ఆ చేతులకూ ఆ మరణమునకూ మధ్య ఒక తాడు ఉన్నది. మొదటి జవాబు ఆ తాడును చూడనే చూడదు.

లేవీయకాండము ఏమి చెబుతున్నది

లేవీయకాండము 4, 5 అధ్యాయములను మనము సామాన్యముగా త్వరత్వరగా చదివి దాటిపోతాము. బలులు, క్రొవ్వు, రక్తము, బూడిద, మనకెందుకులే అనిపిస్తుంది. కాని తెలియక చేసిన పాపమును గురించి పరిశుద్ధ గ్రంథములో అంత వివరముగా చెప్పిన భాగము మరొకటి లేదు. తెలియకపోవుట మనిషిని లెక్కనుండి తప్పించదని 5:17 చెబుతున్నది. తెలిసిన దినముననే లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క అందరికీ ఒకటే కాదు. అభిషిక్తుడైన యాజకుడు పొరబాటు చేస్తే కోడెను తేవాలి. సమాజమంతా పొరబాటు చేస్తే అదే కోడె. అధికారియైతే మేకపోతు. సామాన్యుడైతే ఆడుమేక గాని ఆడు గొఱ్ఱెపిల్ల గాని. అంత లేనివానికి రెండు గువ్వలు. అదీ లేనివానికి కొంచెము గోధుమ పిండి. చేతిలో అధికారము ఎంత ఎక్కువయితే, తెలియక చేసిన తప్పు అంత దూరము పోతుంది గనుక అంత పెద్ద లెక్క. పాస్టరు తెలియక అన్న మాట, కూలివాడు తెలియక అన్న మాట దేవుని యెదుట ఒకే తూకము కావు. బీదవానికి మాత్రము బలిపీఠమునకు వెళ్లే త్రోవ మూసివేయబడలేదు. పిండి పట్టుకొని వెళ్లినవానికీ క్షమాపణ అదే.

ఇంకొకటి చూడండి. యెహోవాకు పరిశుద్ధమైన వాటి విషయములో పొరబాటు చేసినవాడు బలి తెచ్చి ఊరకుండరాదు. నష్టమును కట్టి, దానిపై అయిదవ వంతు కలిపి ఇయ్యాలి (5:16). అనగా తెలియక 100 రూపాయలు వాడుకొన్నవాడు 120 చెల్లించాలి. దేవునితో సమాధానము ఒకటి, జరిగిన నష్టమును పూడ్చడము ఒకటి. మొదటిది జరిగినది గనుక రెండవది అక్కరలేదని వాక్యము ఎక్కడా అనలేదు.

మన దేశ చట్టము సైతము ఈ తేడా ఎరుగును. పని చేయించువాని నిర్లక్ష్యము రుజువు కాకపోయినా, పనిలో చనిపోయినవాని కుటుంబమునకు పరిహారము ఇయ్యాలన్న సూత్రము 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టముతోనే మన దేశములోనికి వచ్చినది. నేరము వేరు, బాధ్యత వేరు అని లోకమే ఒప్పుకొన్నప్పుడు, సంఘము ఆ రెంటిని ఎందుకు కలిపివేయాలి?

పిట్టగోడ, పొడిచే ఎద్దు

ఇక్కడ మరొక సంగతి ఉన్నది. తెలియక అనే మాటలో రెండు రకములున్నవి: తెలిసికొనుటకు వీలులేనిది, తెలిసికొనవలసియుండి తెలిసికొననిది.

ఎద్దు ఒకనిని పొడిచి చంపితే, అది మునుపు పొడిచినది కాకపోతే యజమాని నిర్దోషి. అది పొడిచేదని ఊరివారు చెప్పియున్నా కట్టివేయకపోతే యజమాని కూడా ప్రాణముతో లెక్క చెప్పాలి (నిర్గమకాండము 21:28–29). క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. లేకపోతే ఎవడైన పడినప్పుడు ఆ రక్తము ఇంటిమీదికి వస్తుంది (ద్వితీయోపదేశకాండము 22:8). ఎవడో పడిపోవాలని ఏ గృహస్థుడూ కోరడు. కాని పిట్టగోడ కట్టక మిగుల్చుకొన్న నాలుగు వరుసల ఇటుకకు లెక్క ఉన్నది.

ఈ వచనములు చదివిన తరువాత మేము మరల మేస్త్రిగారి ఇంటికి వెళ్లాము. ఈసారి మేము ఏమీ చెప్పలేదు. "ఆ రోజు ఏమి జరిగిందో మొదటినుండి చెప్పండి" అని మాత్రము అడిగాము. ఆయన చాలసేపు నేల చూచి, అప్పుడు చెప్పారు. రెండు రోజుల ముందే ఒక తాడు పీచు లేచియుండడము ఆయన చూచారు. క్రొత్త తాడు కావాలని కంట్రాక్టరును అడిగారు. వచ్చే వారము చూద్దామన్నాడు. మరల అడగలేదు. ఇంకొక వారము ఆగుతుందిలే అనుకొన్నారు. "రోజూ అదే తాడు అయ్యా. రోజూ ఆగింది" అని వెక్కివెక్కి ఏడ్చారు.

సహోదరులారా, ఆ మాట ఆయన గొంతులో అన్నాళ్లు ఇరుక్కొని యుండుటకు కారణము మేమే. "మీ తప్పేమీ లేదు" అని మేము ముందే తీర్పు చెప్పివేశాము. తప్పు లేదని పెద్దలు తేల్చిన తరువాత, తాడు సంగతి ఆయన ఎవరితో చెప్పుకొంటారు? మేము త్వరపడి ఇచ్చిన ఓదార్పు ఆయన నోరు మూసినది. మేమూ కావాలని చేయలేదు. తెలియకనే చేశాము. దానికి మేము ఆయన యెదుటనే క్షమాపణ అడిగాము.

ఆశ్రయపురము ఏ పని చేసినది

ఇటువంటివాని కొరకే దేవుడు ఆశ్రయపురములను నియమించాడు. ద్వితీయోపదేశకాండము 19:5లో చెప్పిన ఉదాహరణ మన పనివారికి బాగా తెలుస్తుంది. ఇద్దరు కట్టెలు కొట్టుటకు అడవికి వెళ్తారు, గొడ్డలి పిడి ఊడి, ఇనుము ఎగిరి ప్రక్కవానికి తగులుతుంది. అది పని స్థలములో జరిగిన ప్రమాదమే.

యొర్దానుకు ఈ ప్రక్క కెదెషు, షెకెము, హెబ్రోను; ఆ ప్రక్క బేసెరు, రామోతు, గోలాను. మొత్తము ఆరు పట్టణములు. అక్కడికి పోవు త్రోవను సిద్ధపరచి ఉంచాలని ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 19:3). నాలుగు రోడ్ల కూడలిలో "ఆశ్రయము" అని వ్రాసిన గుర్తులు ఉండేవని యూదుల తల్ముదు చెబుతున్నది.

పారిపోయి వచ్చినవాడు ఏమి చేయాలో యెహోషువ 20వ అధ్యాయములో ఉన్నది. మొదట గవినియొద్ద నిలువబడి తన సంగతి పెద్దలతో చెప్పాలి. పెద్దలు విని, అతనిని లోపలికి చేర్చుకొని, నివసించుటకు చోటు ఇయ్యాలి. తరువాత అతడు సమాజము యెదుట తీర్పుకు నిలువబడాలి. ద్వేషముతో పొంచియుండి చంపినవాడని తేలితే ఆ పట్టణము అతనిని కాపాడదు. గనుక ఆశ్రయపురము సత్యమును దాచే చోటు కాదు. పగవాని చేతికి చిక్కకుండ సత్యము చెప్పుకొనే చోటు. అక్కడికి చేరినవాడు హంతకుడు కాడు, అట్లని ఏమీ జరగనట్లు మరునాడే ఇంటికి పోలేడు. ప్రధాన యాజకుడు మరణమగు వరకు అక్కడే ఉండాలి. ముందుగా విడిపించుటకు ఎవరి సొమ్మూ పనికిరాదు (సంఖ్యాకాండము 35:32).

ఆ పట్టణములు ఎవరివి? లేవీయులవి. దేశములో స్వాస్థ్యముగా భూమి లేనివారే అభాగ్యునికి చోటు ఇచ్చారు. ఎవరికొరకు? ఇశ్రాయేలీయుల కొరకు మాత్రమే కాదు, వారి మధ్యనున్న పరదేశి కొరకు, వచ్చి కాపురమున్నవాని కొరకు కూడా (35:15). కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు, ముంబయి కామాటిపురకు కూలికి వచ్చిన తాతల మనుమలము మనము. గనులు 2001లో మూతపడినవి. తాతలు పోయారు. మనకు ఇండ్లు, పెన్షన్లు, మందిరములు ఏర్పడినవి. ఈ వచనము మనము ఎట్లు మరచిపోగలము?

సిలువ యొద్ద

మన ప్రభువు సిలువమీద తనను చంపుచున్నవారి కొరకు ప్రార్థించాడు. తామేమి చేయుచున్నారో వారెరుగరని చెప్పి, వారిని క్షమించుమని తండ్రిని వేడుకొన్నాడు (లూకా 23:34). తెలియకపోవుట వలన నేరమే లేకపోతే క్షమాపణ అడుగనక్కర ఏమి? క్షమాపణ అవసరమే గనుక ఆయన అడిగాడు. వారు తెలియనివారు గనుక కనికరముతో అడిగాడు. ఈ రెండూ ఒకే ప్రార్థనలో ఉన్నవి.

పేతురు కూడా అట్లే చేశాడు. మీరు తెలియక చేశారని యెరూషలేము ప్రజలకు చెప్పి, ఆ వెంటనే మారుమనస్సు పొందుడని పిలిచాడు (అపొస్తలుల కార్యములు 3:17–19). పౌలు తాను తెలియక చేసినందున కనికరింపబడ్డానని వ్రాసి, రెండు వచనముల తరువాత పాపులలో తానే ప్రధానుడనని ఒప్పుకొన్నాడు (1 తిమోతి 1:13–15). యజమానుని చిత్తమెరుగక తప్పు చేసిన దాసునికి కొద్ది దెబ్బలని ప్రభువు అన్నాడు (లూకా 12:48). కొద్ది అన్నాడు, అసలు లేవనలేదు.

ప్రధాన యాజకుడు సంవత్సరమునకు ఒకసారి అతి పరిశుద్ధ స్థలములోనికి రక్తముతో వెళ్లినప్పుడు, తన కొరకును ప్రజలు తెలియక చేసిన వాటి కొరకును వెళ్లాడని హెబ్రీ పత్రిక 9:7 జ్ఞాపకము చేస్తున్నది. మన ప్రధాన యాజకుడు తన సొంత రక్తముతో ఒక్కసారే ప్రవేశించాడు. ప్రధాన యాజకుడు మరణించాడు గనుక ఆశ్రయపురములోనివాడు తన స్వాస్థ్యమునకు తిరిగి వెళ్లవచ్చును. విడుదల మన కన్నీళ్లతోను, మనము పంపిన డబ్బుతోను కొన్నది కాదు. అది ఆయన మరణము వలన వచ్చినది. నష్టమును పూడ్చడము క్షమాపణకు వెల కాదు. అది పొరుగువానికి మనము చెల్లించవలసిన అప్పు. క్షమింపబడినవానికే ఆ అప్పు తీర్చే ధైర్యము వస్తుంది.

సంఘమంతా తెలియక చేసినది

ఒక సంగతి వ్రాయక ఈ వ్యాసము ముగించలేము. ఆ చనిపోయిన పిల్లవాడు మా మందిరమునకు మూడు ఆదివారములు వచ్చాడు. బాప్తిస్మము పొందినవాడే. బల్ల ఆదివారమునాడు మాలో ఒకరు అతనిని, "మీ ఊరి సంఘమునుండి ఉత్తరము తెచ్చావా?" అని అడిగారు. లేదన్నాడు. ఉత్తరము తెప్పించుకో, తరువాత చూద్దామన్నాము. ఆ వారము అతడు బల్లలో పాలుపొందలేదు. మరుసటి బల్ల ఆదివారమునకు అతడు లేడు.

ఉత్తరము అడుగుట మన పితరులనుండి వచ్చిన క్రమము. దానిలో చెడు ఉద్దేశము లేదు. అయినా ఊరు విడిచి వచ్చిన కూలి పిల్లవానికి ఉత్తరము ఎవరు వ్రాసి పంపుతారు? మనలో ఒక్కరమైనా ఆ పాస్టరుగారికి ఒక ఫోను చేసియుండవచ్చును. అతడు ఎక్కడ పని చేయుచున్నాడో, ఏ గదిలో పడుకొనుచున్నాడో, ఎట్టి పరంజా ఎక్కుచున్నాడో అడిగియుండవచ్చును. అడగలేదు. సమాజమంతయు తెలియక చేసిన పాపమును గురించి లేవీయకాండము 4:13లో చదివినప్పుడు మేము తల ఎత్తలేకపోయాము. ఆ పాపమునకు బలి కోడె. యాజకునికి ఎంతో సమాజమునకు అంతే.

పాపము తెలిసిన తరువాత

తన దగ్గరనున్న శారా మరియొకని భార్య అని అబీమెలెకునకు తెలియదు. యథార్థ హృదయముతోనే చేశాడని దేవుడే సాక్ష్యమిచ్చాడు. అయినా తెలిసిన మరునాడు అతడు తెల్లవారగానే లేచాడు, ఆమెను తిరిగి అప్పగించాడు, వెండి ఇచ్చాడు (ఆదికాండము 20). అన్యుడైన ఆ రాజు చేసినదే మేస్త్రిగారూ చేశారు.

ఆయన మా పాస్టరుగారితో కలిసి ఆ పిల్లవాని ఊరికి వెళ్లారు. తల్లి యెదుట కూర్చొని తాడు సంగతి దాచకుండ చెప్పారు. ఆమె మొదట తలుపు వేసికొన్నది. చాలసేపటికి తీసినది. క్షమించానని అనలేదు. "నా కొడుకు ఆ రోజు పొద్దున ఏమి తిన్నాడు?" అని అడిగినది. ఆయనకు తెలుసు గనుక చెప్పారు. తిరిగి వచ్చి స్టేషనుకు వెళ్లి అదే మాట చెప్పి వ్రాయించారు. దాని వలన వచ్చేది ఏదైనా భరించుటకు సిద్ధపడ్డారు. ప్రతి నెల తన సంపాదనలో కొంత ఆ తల్లికి పంపుచున్నారు. ఇప్పుడు పని మొదలు పెట్టకముందు ప్రతి తాడును వెలుతురులో పట్టి చూస్తారు. పీచు లేస్తే ఎవరు ఏమన్నా ఆ రోజు పరంజా ఎక్కనియ్యరు.

మా సంఘము ఒక తీర్మానము చేసికొన్నది. క్రొత్తగా వచ్చిన కూలి విశ్వాసిని ఉత్తరము తెమ్మని పంపక, ఉత్తరము మనమే తెప్పించాలి. వచ్చిన మొదటి ఆదివారముననే అతని పని స్థలము, బస స్థలము ఒక డీకను వెళ్లి చూడాలి. మీ సంఘములలో కూడా ఈ సంగతి ఆలోచించుడని ప్రేమతో మనవి చేయుచున్నాము.

కాబట్టి మేస్త్రిగారి ప్రశ్నకు మా జవాబు ఇది: మీరు ఆ తల్లికి శత్రువు కారు, పరాయివారూ కారు. మీరు ఆమెకు బాకీ ఉన్నవారు. ఆ బాకీని ఒంటరిగా మోయనక్కర లేదు. సంఘము దానిలో పాలు పంచుకొనవలసినది, ఎందుకంటే దానిలో మాకూ పాలు ఉన్నది.

ఆయన మరల బల్లయొద్దకు వచ్చిన ఆదివారము రొట్టె పళ్లెము అందించలేదు. వరుసలో కూర్చొని అందరివలె చేయి చాచి తీసికొన్నారు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము ఎరిగి చేసినవాటిని మాత్రమే కాక, ఎరుగక చేసినవాటిని కూడా నీవు చూచుచున్నావు. వాటిని మాకు చూపించుము. చూచినప్పుడు పారిపోకుండ మమ్మును నిలువబెట్టుము. మా మందిరముల గవినులను తెరచి ఉంచుము. మా ప్రధాన యాజకుడైన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.